చెయ్యి తిమ్మిరెక్కి రాత్రుళ్లు నిద్ర లేపుతోందా? చిక్కు మణికట్టులో ఉంది

రాత్రి రెండున్నరకి మా అక్క గదిలో లైటు వెలిగింది. వెళ్లి చూస్తే మంచం అంచున కూర్చుని, పాత రోజుల్లో థర్మామీటర్ని విదిలించినట్టు కుడిచేతిని విదిలిస్తోంది. "ఏమైందక్కా?" అన్నాను. "ఏం లేదురా, చెయ్యి మొద్దుబారిపోయింది. నాలుగుసార్లు దులిపితే అదే వస్తుంది. నువ్వెళ్లి పడుకో" అంది. ఆరు నెలలుగా అలా దులుపుకుంటోందని నాకు ఆ రాత్రే తెలిసింది. నరాల బలహీనత అని ఎవరో చెబితే, బలం రావాలని పగలంతా రబ్బరు బంతి పిసుకుతోంది. పిసికేకొద్దీ రాత్రి తిమ్మిర్లు ఎక్కువయ్యాయి తప్ప తగ్గలేదు.

అక్కకున్నది కార్పల్ టన్నెల్ సిండ్రోమ్. పెద్దవాళ్లలో నూటికి ముగ్గురు నుంచి ఆరుగురి దాకా దీని బారిన పడతారు. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో మూడు రెట్లు ఎక్కువ. ఇంత మామూలు జబ్బైనా చాలామంది దీన్ని రక్తం సరిగ్గా ఆడకపోవడమనో, విటమిన్ల లోపమనో, వయసు ప్రభావమనో అనుకుని నెట్టుకొస్తారు. నిజానికి ఇక్కడ తక్కువైంది బలం కాదు, చోటు. ఈ ఒక్క విషయం పట్టుబడితే ఏ అలవాటు మేలు చేస్తుందో, ఏ వ్యాయామం చెరుపు చేస్తుందో మీకే అర్థమైపోతుంది.

మణికట్టు లోపల ఏముంది?

అరచేతిని పైకి తిప్పి మణికట్టు దగ్గరున్న మడత చూడండి. ఆ మడత దాటి అరచేతిలోకి అడుగుపెట్టేచోట, చర్మం కింద ఒక ఇరుకైన సొరంగం ఉంది. అడుగునా పక్కలా ఎనిమిది చిన్న ఎముకలు తొట్టిలా వంపు తిరిగి ఉంటాయి. వాటిమీద మూతలా ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఒక మందపాటి పట్టీ బిగించి ఉంటుంది. దాన్ని లిగమెంట్ అంటారు. ఆ సొరంగంలోంచి పది తీగలు వెళ్తాయి. తొమ్మిది టెండన్లు, అంటే ముంజేతి కండరాలు వేళ్లను మడవడానికి లాగే తాళ్లు. పదోది మీడియన్ నరం.

చుట్టూ ఉన్న ఎముకలు జరగవు, పైనున్న పట్టీ సాగదు. లోపల టెండన్ల చుట్టూ ఉండే పొర కాస్త ఉబ్బినా, ఒంట్లో నీరు చేరినా పక్కకి జరగడానికి చోటుండదు. పదింటిలోనూ మెత్తనిది నరమే. నలిగేది కూడా అదే.

ఈ నరం బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలులో సగానికి స్పర్శనిస్తుంది. చిటికెన వేలికి వేరే నరం ఉంది, అది ఈ సొరంగంలోంచి వెళ్లదు. అందుకే ఇంట్లోనే చూసుకోదగ్గ ఒక చిన్న గుర్తు ఉంది. కళ్లు మూసుకుని, ఉంగరపు వేలికి ఒకసారి మధ్య వేలు వైపునా, ఒకసారి చిటికెన వేలు వైపునా పెన్ను మూతతో మెల్లగా తాకించుకోండి. ఒకే వేలిలో ఒక పక్క మందంగా, రెండో పక్క మామూలుగా అనిపిస్తే నరం మణికట్టు దగ్గర నలుగుతోందని గట్టిగా అనుమానించొచ్చు. చాలామంది "చెయ్యంతా తిమ్మిరే" అని చెబుతారు గానీ, తిమ్మిరి ఉన్నప్పుడు వేలు వేలునీ విడిగా గమనిస్తే చిటికెన వేలు బాగానే ఉందని తెలుస్తుంది.

చిటికెన వేలే తిమ్మిరెక్కుతుంటే చిక్కు మోచేతి దగ్గర ఉండొచ్చు. మెడ తిప్పినప్పుడు నొప్పి భుజం మీదుగా చేతిలోకి దిగుతుంటే మెడ ఎముకల దగ్గర నరం నొక్కుకుపోతూ ఉండొచ్చు. షుగర్ వల్ల వచ్చే నరాల జబ్బు మామూలుగా ముందు పాదాల్లో మొదలవుతుంది. తిమ్మిరి లేకుండా బొటనవేలి మొదట్లో నొప్పి మాత్రమే ఉంటే అది టెండన్ల వాపు కావొచ్చు, దాని దారి వేరు.

రాత్రే ఎందుకు?

1981లో అమెరికాలో కొందరు సర్జన్లు ఈ సొరంగంలోకి సన్నని గొట్టం పంపి లోపలి ఒత్తిడిని కొలిచారు. బీపీ కొలిచే కొలతే, పాదరసం మిల్లీమీటర్లు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు మణికట్టును తిన్నగా ఉంచినప్పుడు సగటున 2.5 ఉంది. అదే మణికట్టును పూర్తిగా లోపలికి వంచితే 31కి, వెనక్కి విరిస్తే 30కి వెళ్లింది. జబ్బున్నవాళ్లకి తిన్నగా ఉంచినా 32 ఉంది. లోపలికి వంచితే 94, వెనక్కి విరిస్తే 110.

ఈ అంకెల పక్కన ఇంకొక అంకె పెట్టి చూడాలి. ఒత్తిడి 20 నుంచి 30 దాటితే నరానికి వెళ్లే రక్తం మందగించడం మొదలవుతుంది. అంటే జబ్బు ఉన్న మనిషి చేతిని కదపకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా నరం ఆ అంచునే ఉంటుంది. మణికట్టు వంగిందంటే ఊపిరాడదు.

ఇప్పుడు మనం ఎలా పడుకుంటామో ఆలోచించండి. పక్కకి తిరిగి, చేతిని ముడుచుకుని, మణికట్టును గడ్డం కిందకో చెంప కిందకో మడిచి గంటల తరబడి కదలకుండా ఉంటాం. పగలంతా కాళ్లలోకి దిగిన నీరు పడుకోగానే ఒళ్లంతా సర్దుకుని చేతుల్లోకి కూడా వస్తుంది. వంపు, వాపు ఒకేసారి. నరం రెండు మూడు గంటలు ఓర్చుకుని తర్వాత మనల్ని లేపుతుంది. లేచి విదిలిస్తే మణికట్టు తిన్నగా అవుతుంది, రక్తం ఆడుతుంది, తిమ్మిరి తగ్గుతుంది. డాక్టర్లు కూడా "రాత్రి లేచి చెయ్యి విదిలిస్తారా?" అని అందుకే అడుగుతారు.

కంప్యూటర్ వల్లే వస్తుందా?

ఈ మాట నమ్మనివాళ్లు అరుదు. అయితే రాత్రిపూట చేతులు మొద్దుబారి నిద్ర లేచే రోగుల గురించి అమెరికాలో జేమ్స్ పట్నమ్ అనే డాక్టర్ 1880లోనే వివరంగా రాశాడు. అప్పటికి కీబోర్డు ముందు రోజంతా కూర్చునేవాళ్లు ఎక్కడున్నారు? మామూలు టైపింగుకీ ఈ జబ్బుకీ ఉన్న సంబంధం జనం అనుకునేంత బలమైంది కాదు. గట్టిగా పట్టుకుని, ఒకే పనిని వేలసార్లు చేయాల్సిన పనులకీ, చేతిలో అదిరే యంత్రాలతో చేసే పనులకీ సంబంధం చాలా స్పష్టంగా ఉంది. రాళ్లు తొలిచే డ్రిల్లు, గ్రైండర్, చెట్లు కోసే మోటారు రంపం పట్టేవాళ్లు, మాంసం కోసి ప్యాక్ చేసే ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు ఈ కోవలోకి వస్తారు.

పనికి సంబంధం లేని కారణాలూ చాలా ఉన్నాయి. షుగర్, థైరాయిడ్ తక్కువగా పనిచేయడం, కీళ్లవాతం, అధిక బరువు, ఎప్పుడో మణికట్టు విరగడం, ఏళ్ల తరబడి డయాలసిస్. కొందరికి పుట్టుకతోనే ఆ సొరంగం ఇరుకుగా ఉంటుంది. గర్భిణులకు చివరి నెలల్లో ఒంట్లో నీరు చేరి ఇది వస్తుంది, చాలామందికి కాన్పు తర్వాత కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. అక్కకి ఈ గొడవలో చేయించిన రక్తపరీక్షలోనే థైరాయిడ్ బయటపడింది. అందుకే చెబుతున్నాను, రెండు చేతులకీ తిమ్మిర్లు ఉంటే షుగర్, థైరాయిడ్ పరీక్షలు వాయిదా వేయకండి. అసలు కారణం అక్కడుంటే మణికట్టుకి ఎన్ని కట్లు కట్టినా సగం పనే అవుతుంది.

ముందు రాత్రి సంగతి చూడండి

వ్యాయామాల గురించి చదవాలని వచ్చినవాళ్లు ఈ భాగాన్ని దాటేయొద్దు. రోజుకి పది నిమిషాల వ్యాయామం చేసి, ఏడు గంటలు మణికట్టు మడిచి పడుకుంటే ఆ పది నిమిషాలు దేనికీ సరిపోవు. జబ్బు మొదట్లోనో మధ్యస్థంగానో ఉన్నవాళ్లు మొదట ప్రయత్నించాల్సింది రాత్రిపూట స్ప్లింట్. మణికట్టు వంగకుండా పట్టి ఉంచే పట్టీ అది.

ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. రెడీమేడ్ స్ప్లింట్లలో చాలావాటికి అరచేతి వైపు ఒక లోహపు పలక ఉంటుంది. అది చేతిని ఇరవై డిగ్రీల దాకా వెనక్కి విరిచి ఉంచేలా వంపు తిరిగి వస్తుంది. మణికట్టు బెణికినవాళ్లకి అది బాగుంటుందేమో గానీ మనకి కావాల్సింది తిన్నగా ఉండే మణికట్టు. పలకను జేబులోంచి బయటికి లాగి, బల్లమీద పెట్టి నొక్కి సాపు చేసి మళ్లీ దూర్చండి. స్ప్లింట్ వేసుకున్నాక పక్కనుంచి చూస్తే ముంజేయి, చేతి వెనకభాగం ఒకే గీతలా కనబడాలి. వేళ్లు, బొటనవేలు స్వేచ్ఛగా కదలాలి. పట్టీ కింద ఒక వేలు దూరేంత వదులుండాలి. బిగించి కడితే బయటి నుంచి ఇంకో ఒత్తిడి పెట్టినట్టే.

మొదటి నాలుగైదు రాత్రులు చికాకు పెడుతుంది. నిద్రలో తెలియకుండానే విప్పి పారేసేవాళ్లున్నారు, అక్క కూడా అలాగే చేసింది. పడుకోవడానికి గంట ముందే వేసుకుంటే చెయ్యి అలవాటు పడుతుంది. కనీసం ఆరు వారాలు మానకుండా వాడి అప్పుడు తేల్చుకోండి. వారం వాడి "లాభం లేదు" అనుకోవడం తొందరపాటు. అక్కకి మూడో వారం నుంచి రాత్రి లేవడం తగ్గింది.

పగలంతా స్ప్లింట్ వేసుకు తిరగడం మాత్రం మంచిది కాదు. చెయ్యి బిగుసుకుపోతుంది, మణికట్టు ఆడించాల్సిన పనిని మోచేయి, భుజం మోస్తాయి.

పగటి అలవాట్లు

మౌస్ మీద చెయ్యి ఊరికే ఆనించి ఉన్నప్పటి కంటే, దేన్నైనా పట్టుకుని తెర మీద ఒక చోటి నుంచి ఇంకో చోటికి లాగుతున్నప్పుడు సొరంగంలో ఒత్తిడి బాగా పెరుగుతుందని కొలిచి చూశారు. ఆరోగ్యవంతుల్లో కూడా అది 30 దగ్గరికి వెళ్లింది, అంటే నరానికి రక్తం తగ్గే గీత మీదకి. టైపింగ్ కంటే మౌస్ మీదే ఎక్కువ కన్నేయాలని నా అభిప్రాయం. మౌస్‌ను కీబోర్డుకి దగ్గరగా పెట్టుకోండి, వేళ్లతో గట్టిగా పట్టుకోకుండా అరచేతిని వదులుగా ఆనించండి, మణికట్టు తిప్పకుండా మోచేతి నుంచి కదపండి. గంటసేపు అదే పని ఉంటే మధ్యలో చెయ్యి మార్చండి. మొదటి వారం చేతకాదు, తర్వాత వచ్చేస్తుంది.

కీబోర్డు కింద వెనకవైపు రెండు చిన్న కాళ్లు ఉంటాయి. వాటిని మడిచేయండి. అవి లేచి ఉంటే మణికట్టు వెనక్కి విరిగి ఉంటుంది. ముంజేతులు నేలకి సమాంతరంగా ఉండేలా కుర్చీ ఎత్తు సరిచేసుకోండి. మెత్తని రిస్ట్ రెస్ట్ ఉంటే టైప్ చేసేటప్పుడు దానిమీద బరువు వేయొద్దు, ఆగినప్పుడు అరచేతి మడమను ఆనించుకోవడానికే అది. సరిగ్గా మణికట్టు మడత మీద బరువు పడితే కింద నలిగేది నరమే.

ఫోన్ గురించి ఒక మాట. ఒక చేత్తో పట్టుకుని అదే చేతి బొటనవేలితో అరగంట స్క్రోల్ చేస్తే మణికట్టు లోపలికి మడిచి, వేళ్లు బిగించి, కదలకుండా ఉంచినట్టే. మంచంలో పడుకుని చూసేటప్పుడు మరీను. ఫోన్‌ను దిండుకో స్టాండుకో ఆనించండి.

పట్టు సంగతి కూడా గమనించండి. వేలికొనలతో చిటికెడు పట్టు పట్టినప్పుడు ఊరికే వేలికొనతో నొక్కినప్పటి కంటే ఒత్తిడి చాలా ఎక్కువ పుడుతుంది. సన్నటి పెన్నుకీ, కత్తి పిడికీ, కుట్టు సూదికీ, స్క్రూడ్రైవర్‌కీ ఎక్కువ బిగువు కావాలి. పిడి చుట్టూ గుడ్డో స్పాంజో చుట్టి లావు చేస్తే చెయ్యి తేలికపడుతుంది. బండి నడిపేటప్పుడు హ్యాండిల్‌ను బిగించి పట్టుకునే అలవాటున్నవాళ్లకి తిమ్మిరి ఎక్కువగా వస్తుంది, దానికి తోడు అదురు ఉండనే ఉంటుంది. ఆగిన ప్రతిసారీ పిడికిలి వదిలి వేళ్లు ఆడించండి.

వ్యాయామాల దగ్గరికి వద్దాం

బంతి ఎందుకు పనికిరాదో ముందు చెప్పాలి. అరచేతిలో లంబ్రికల్స్ అనే సన్నని కండరాలు నాలుగున్నాయి. పిడికిలి గట్టిగా బిగించినప్పుడు అవి మణికట్టు వైపు జరిగి ఆ సొరంగంలోకి దూరతాయి. అసలే ఇరుకుగా ఉన్న దారిలోకి ఇంకో నలుగురు వచ్చినట్టు. దానికి తోడు తొమ్మిది టెండన్లూ బిగుసుకుంటాయి. తిమ్మిర్లు ఉన్నంతకాలం బంతి, స్ప్రింగు గ్రిప్పులు, బరువులు పట్టి మణికట్టు వంచే వ్యాయామాలు పక్కన పెట్టండి. మణికట్టును వెనక్కి బలంగా విరిచి అరనిమిషం పట్టి ఉంచే స్ట్రెచ్‌లు కూడా చాలామంది చేస్తారు. ఆ 110 అంకె గుర్తు చేసుకుంటే అవెందుకు మంచివి కావో తెలుస్తుంది.

మనకి కావాల్సినవి జారుడు వ్యాయామాలు. టెండన్లు, నరం ఒకదానికొకటి అతుక్కోకుండా సొరంగంలో సాఫీగా జారడమే వీటి ఉద్దేశం.

మొదటిది టెండన్ల కోసం. మణికట్టును తిన్నగా ఉంచి వేళ్లన్నీ నిటారుగా చాపండి. అక్కడి నుంచి వేళ్ల మధ్య కీళ్లు, చివరి కీళ్లు మాత్రమే మడిచి కొక్కెంలా చేయండి, మళ్లీ చాపండి. తర్వాత మెత్తగా పూర్తి పిడికిలి పట్టండి, బిగించకండి, చాపండి. తర్వాత వేళ్లు తిన్నగానే ఉంచి మొదటి కణుపుల దగ్గర మాత్రం బల్లలా ముందుకి వంచండి. చివరిగా ఆ బల్ల భంగిమ నుంచి మధ్య కీళ్లు మడిచి, వేలికొనలు అరచేతి కింది భాగాన్ని తాకనివ్వండి. ప్రతి భంగిమలోనూ ఐదు సెకన్లు. ఇలా ఐదు నుంచి పది సార్లు, రోజుకి రెండు మూడు పూటలు.

రెండోది నరం కోసం. ఇందులో ఆరు మెట్లున్నాయి, ఒకదాని మీద ఒకటి కలుస్తూ పోతాయి. మోచేతిని మడిచి మణికట్టు తిన్నగా పెట్టి వదులుగా పిడికిలి పట్టండి. ఇప్పుడు బొటనవేలితో సహా వేళ్లు తిన్నగా చాపండి. ఆ తర్వాత మణికట్టును కొద్దిగా వెనక్కి వంచండి. బొటనవేలిని పక్కకి తెరవండి. అరచెయ్యి మీ ముఖం వైపు తిరిగేలా ముంజేతిని తిప్పండి. చివరిగా రెండో చేత్తో బొటనవేలిని అతి మెల్లగా వెనక్కి లాగండి. ఒక్కో మెట్టు దగ్గర ఐదు సెకన్లు ఆగి వదిలేయాలి. నరం రబ్బరు కాదు, దాన్ని సాగదీయకూడదు, జరపాలి. ఏ మెట్టు దగ్గర తిమ్మిరి మొదలైందో అక్కడే ఆగి ఒక మెట్టు వెనక్కి రండి, పది రోజుల తర్వాత మళ్లీ ముందుకి వెళ్లి చూడండి. చేశాక తిమ్మిరి గంటసేపు ఉండిపోతే ఎక్కువైపోయిందని అర్థం. మొదటిసారి ఫిజియోథెరపిస్ట్ ముందు చేసి సరిచూసుకుంటే మంచిది.

ఈ వ్యాయామాల మీద జరిగిన పరిశోధనలు చిన్నవి. వాటితో మాత్రమే జబ్బు నయమవుతుందని ఎక్కడా రుజువు కాలేదు. స్ప్లింట్‌తో పాటు చేస్తే కొందరికి హాయినిస్తాయి, సరిగ్గా చేస్తే హాని లేదు, ఖర్చు లేదు. అందుకే చేయమంటున్నాను. స్ప్లింట్ మానేసి వీటినే నమ్ముకోవద్దు.

మందుల విషయానికొస్తే, మామూలు నొప్పి మాత్రలు, ఒంట్లో నీరు తీసే మాత్రలు ఈ జబ్బులో ఉత్తుత్తి మాత్రల కంటే మెరుగ్గా పనిచేయలేదు. బి6 విటమిన్ వేసుకోమనేవాళ్లు చాలామంది దొరుకుతారు. దానివల్ల లాభం ఉందని తేలలేదు, పైగా బి6 ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే అదే నరాలను దెబ్బతీస్తుంది.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు?

రెండు చేతులూ పక్కపక్కన పెట్టి బొటనవేలి మొదట్లో ఉండే కండను చూడండి. ఒక చేతిలో అది చదునుగా, గుంట పడినట్టుగా ఉంటే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయొద్దు. నరం నలిగిన కొత్తలో దాని పైపొర మాత్రమే దెబ్బతింటుంది, ఒత్తిడి తీసేస్తే అది మళ్లీ ఏర్పడుతుంది. నెలలు, ఏళ్లు గడిస్తే లోపలి తీగలే చచ్చిపోతాయి, కండ కరుగుతుంది. పోయిన కండ చాలాసార్లు పూర్తిగా తిరిగి రాదు. గుండీలు పెట్టుకోలేకపోవడం, చేతిలోంచి గ్లాసు జారిపోవడం, పగలు కూడా వదలని మొద్దుతనం కూడా ఆగకూడని గుర్తులే. ఒక్కోసారి నొప్పి తగ్గి మొద్దుతనం మిగిలిపోతుంది. దాన్ని నయమవడం అనుకుని సంతోషించినవాళ్లని చూశాను, అది నరం ఇంకా పాడైందనడానికి గుర్తు.

డాక్టర్ మణికట్టును ఒక నిమిషం వంచి ఉంచి చూస్తారు, నరం మీద వేలితో తడతారు. అవసరమైతే నరంలో కరెంటు ఎంత వేగంగా పోతోందో కొలిచే పరీక్ష రాస్తారు. స్ప్లింట్‌తో సరిపోకపోతే సొరంగంలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. ఇంజెక్షన్ స్ప్లింట్ కంటే త్వరగా ఉపశమనం ఇస్తుంది గానీ చాలామందికి కొన్ని నెలల తర్వాత తిమ్మిర్లు తిరిగొస్తాయి.

ఆపరేషన్ అంటే టెన్షన్ పడాల్సినంత పెద్దది కాదు. చేతికి మాత్రమే మత్తిచ్చి పై పట్టీని కోస్తారు, సొరంగం వెడల్పవుతుంది, అదే రోజు ఇంటికి పంపిస్తారు. రాత్రి తిమ్మిర్లు చాలామందికి మొదటి రోజుల్లోనే పోతాయి. అరచేతి మొదట్లో నొప్పి, పట్టు తగ్గడం మాత్రం కొన్ని వారాల నుంచి కొన్ని నెలల దాకా ఉంటాయి. లోపలి తీగలు దెబ్బతిన్నవాళ్లకి వేలికొనల్లో స్పర్శ రావడానికి ఇంకా సమయం పడుతుంది. నరం రోజుకి సుమారు ఒక మిల్లీమీటర్ చొప్పున పెరుగుతుంది, మణికట్టు నుంచి మధ్య వేలి కొన దాకా ఎంత దూరమో స్కేలు పెట్టి చూస్తే ఎన్ని నెలలో మీకే లెక్క తేలుతుంది.